తీయించుకోవాలంటే ఎవరి దగ్గరికి రావాలి?

పోయిన ఏడాది వానాకాలంలో మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. రెండో కాన్పు, తొమ్మిదో నెల. వయసు ఇరవైమూడు. "అక్కా, డెలివరీతో పాటే ఆపరేషన్ కూడా చేసేయమని మా అత్తయ్య డాక్టరమ్మకు చెప్పేసింది. నాకేమో ఇప్పుడే వద్దనిపిస్తోంది. ఆపరేషన్ కాకుండా ఇంకేమీ ఉండవా?" అంది. డిగ్రీ చదివిన పిల్ల. నెలనెలా చెకప్‌కు వెళ్లిన పిల్ల. ఇద్దరు బిడ్డల్ని మోసిన ఇన్ని నెలల్లో ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఫోన్లో తొందరతొందరగా చెప్పినదాన్నే ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను.

మన ఊళ్లలో "ఆపరేషన్ అయిందా?" అంటే ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. కుటుంబ నియంత్రణకు మనకున్న పేరే అది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే అండం వచ్చే గొట్టాల్ని మూసేసే ఈ ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో దాదాపు 62 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 37.9. ఆంధ్రలో మిగతా ఆధునిక పద్ధతులన్నీ, అంటే మాత్రలు, కండోమ్, కాపర్ టీ, ఇంజెక్షన్, మగవాళ్ల వేసెక్టమీ కూడా కలిపి లెక్కేసినా ఒక శాతం చుట్టూనే తిరుగుతాయి. మరి పద్దెనిమిదికో పంతొమ్మిదికో పెళ్లి, ఇరవైకి ఒక బిడ్డ, ఇరవైరెండుకు ఇంకో బిడ్డ, వెంటనే ఆపరేషన్. ఈ వరుసలో బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పాటించే పద్ధతికి చోటే లేకుండా పోయింది.

ఆపరేషన్ చెడ్డదని నేను అనను. ఇక పిల్లలు చాలని భార్యాభర్తలు నిజంగా అనుకుంటే అది మంచి దారే. కానీ ఇరవైమూడేళ్ల మనిషికి పిల్లలు పుట్టగల వయసే ఇంకా పాతికేళ్లు ఉంది. బిడ్డను పోగొట్టుకోవచ్చు, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, మనసు మారొచ్చు. అప్పుడు గొట్టాలు మళ్లీ కలిపే ఆపరేషన్ ఖరీదైనది, ఫలిస్తుందన్న భరోసా లేనిది. పైగా అది కడుపుకు చేసే శస్త్రచికిత్స. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు 34 మందికి ఈ ఆపరేషన్లు చేస్తే, తర్వాత నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు వాళ్లే. అందుకే తాత్కాలిక పద్ధతుల గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. వాటిలో ఇంప్లాంట్ మనకు కొత్త పేరు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అగ్గిపుల్లంత కడ్డీ

ఇప్పుడు మన దేశంలో వస్తున్న ఇంప్లాంట్ అంటే చేతి చర్మం కింద పెట్టే, నాలుగు సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి ప్లాస్టిక్ కడ్డీ. చేత్తో వంచితే వంగుతుంది. పేరు ఇంప్లానాన్ ఎన్ఎక్స్‌టీ. లోపల ఎటోనోజెస్ట్రెల్ అనే హార్మోన్ 68 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆడవాళ్ల ఒంట్లో సహజంగా ఊరే ప్రొజెస్టెరాన్‌కు ఇది దగ్గరి చుట్టం. కడ్డీ పైపొర దీన్ని కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. మొదటి వారాల్లో రోజుకు 60-70 మైక్రోగ్రాములు, మూడో ఏడాది చివరికి వచ్చేసరికి 25-30. మూడేళ్లు పనిచేస్తుందన్నది కంపెనీ లెక్క. అంతకు మించి కూడా పనిచేస్తుందని అధ్యయనాలు వచ్చాయి గానీ, మీకిచ్చిన కార్డు మీద ఏ తేదీ ఉంటే దాన్నే పట్టుకోవడం మంచిది.

ఇది చేసే పని ప్రధానంగా రెండు. అండాశయం నుంచి నెలనెలా విడుదల కావాల్సిన అండాన్ని ఆపుతుంది. గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కగా చేసి వీర్యకణాలు పైకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. ఇందులో ఈస్ట్రోజెన్ లేదు. ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పెట్టే తీరు చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఆపరేషన్ అనుకుని భయపడుతున్నారు. మీది కుడిచేతి వాటమైతే ఎడమ చేతికి పెడతారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోచేయి మడిచి, అరచెయ్యి తల కింద పెట్టుకోమంటారు. అప్పుడు దండచెయ్యి లోపలి వైపు బయటికి తిరుగుతుంది. మోచేతి లోపలి ఎముక బుడిపె నుంచి ఎనిమిది పది సెంటీమీటర్లు కొలిచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి జరిగి పెన్నుతో గుర్తు పెడతారు. ఆ కాస్త వెనక్కి జరగడం ఎందుకంటే ముందు భాగంలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, నొప్పి తెలిసేది అక్కడే. తర్వాత కడ్డీ నింపిన సాధనంతో చర్మాన్ని పైకి లేపినట్టుగా పట్టి, చర్మం కిందే, కండలోకి దిగకుండా జారవిడుస్తారు. కుట్లు ఉండవు. చిన్న పట్టీ, దాని మీద ఒకరోజు గట్టి కట్టు.

ఆ తర్వాత జరిగేదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. డాక్టరు తన వేళ్లతో ఆ కడ్డీ రెండు కొసలూ తడిమి చూడాలి. మీ వేళ్లతో మీరూ తడిమి చూసుకోవాలి. చర్మం కింద సన్నటి పుల్లలా తగులుతుంది. తగలకపోతే లోతుగా దిగిందనో, అసలు పడలేదనో అర్థం. అది తేలే వరకు వేరే జాగ్రత్త వాడాలి. "ఏదమ్మా, నన్నూ చూడనివ్వండి" అని అడిగి తడుముకోకుండా బల్ల దిగకండి. కడ్డీలో బేరియం సల్ఫేట్ కలుపుతారు కాబట్టి, ఎప్పుడైనా కనిపించకపోతే ఎక్స్‌రేలో దొరుకుతుంది. "ఒళ్లంతా తిరుగుతుందట" అనే భయం బాగా ప్రచారంలో ఉంది. సరిగ్గా పెట్టింది కదలదు, కదిలినా ఒకటి రెండు సెంటీమీటర్లే. దూరం వెళ్లిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి, చాలా చాలా అరుదు. చాలావరకు పెట్టేటప్పుడే లోతుగా పోనిచ్చిన కేసులు.

వందమందిలో ఎంతమందికి

ఏ జాగ్రత్తా లేకుండా ఏడాది పాటు కాపురం చేస్తే వందమంది వయసులో ఉన్న ఆడవాళ్లలో 85 మందికి గర్భం వస్తుంది. కండోమ్ వాడితే 13 మందికి. రోజూ వేసుకునే మాత్రలతో ఏడుగురికి. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌తో నలుగురికి. కాపర్ టీతో ఒకరి కన్నా తక్కువ. ఇంప్లాంట్‌తో వెయ్యిమందిలో ఒకరికి. ఆడవాళ్ల ఆపరేషన్ తర్వాత కూడా వెయ్యికి ఐదుగురికి గర్భం వస్తుందన్నది ఇక్కడ పక్కన పెట్టి చూడండి. ఇవి ఎక్కువగా అమెరికాలో తీసిన లెక్కలు. మన దగ్గర అంకె అటూ ఇటూ కావచ్చు, వరుస మాత్రం మారదు.

మాత్రకు ఏడు అని ఎందుకు వచ్చింది? మాత్ర బలహీనమైనది కాదు. ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకుంటే వెయ్యిమందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. ఆ ముగ్గురికీ, డెబ్బైమందికీ మధ్య ఉన్నదంతా మామూలు మనిషి జీవితం. పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి, పుట్టింటికి వెళ్తూ అట్ట మర్చిపోయిన రోజు, మెడికల్ షాపుకు వెళ్లడానికి సిగ్గుపడిన వారం. మా చెల్లెలి భర్త హైదరాబాద్‌లో పని చేస్తాడు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. "మనిషే ఇంట్లో లేనప్పుడు రోజూ మాత్ర ఎందుకు" అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే దెబ్బతింటారు. ఇంప్లాంటూ కాపర్ టీ ముందుండటానికి కారణం మందు బలం ఒక్కటే కాదు. ఒకసారి పెట్టాక వాటికి మన జ్ఞాపకశక్తితో పని లేదు.

దీన్ని చక్కగా చూపించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 2007 నుంచి తొమ్మిది వేల మందికి పైగా ఆడవాళ్లకు అన్ని పద్ధతులూ వివరించి, ఏది కావాలంటే అది ఉచితంగా ఇచ్చారు. ఖర్చు అడ్డు తొలగేసరికి దాదాపు ముప్పావు వంతు మంది ఇంప్లాంట్‌నో, గర్భసంచిలో పెట్టే సాధనాన్నో ఎంచుకున్నారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. మాత్రలు, హార్మోన్ పట్టీలు, హార్మోన్ రింగులు వాడినవాళ్లలో అనుకోని గర్భం వచ్చే అవకాశం వీళ్లకన్నా దాదాపు ఇరవై రెట్లు ఎక్కువగా తేలింది. ఇరవయ్యొక్క ఏళ్లు నిండనివాళ్లలో ఆ తేడా ఇంకా పెద్దది.

నెలసరి లెక్క తప్పినప్పుడు

ఇంతవరకు చదివి ఇంప్లాంటే అందరికీ మంచిది అనుకోకండి. దాన్ని మధ్యలో తీయించుకునేవాళ్లకు అన్నిటికన్నా పెద్ద కారణం రక్తస్రావంలో మార్పు. పరిశోధనల్లో తొంభై రోజుల లెక్క వేసి చూస్తే, ఐదుగురిలో ఒకరికి నెలసరి పూర్తిగా ఆగిపోయింది. మూడోవంతు మందికి ఎప్పుడో ఒకసారి కనిపించింది. దాదాపు ఐదో వంతు మందికి మొదలైతే రోజుల తరబడి సాగింది. ఎక్కువ రక్తం పోదు, చాలాసార్లు మరకలే. కానీ ఎప్పుడొస్తుందో తెలియదు.

మన ఇళ్లలో ఆ "ఎప్పుడొస్తుందో తెలియదు" అనేది చిన్న మాట కాదు. ఇంట్లో వ్రతం పెట్టుకున్నారు, తిరుపతికి టికెట్లు తీశారు, ముట్టు పాటించే అత్తగారున్నారు. నెలకు మూడు రోజులు పక్కన ఉండటం అలవాటైన ఇంట్లో పన్నెండు రోజులు మరకలు కనిపిస్తే కోడలు ఏం చెప్పుకోవాలి? వాడేది పెద్దవాళ్లకు తెలియకుండా ఉంచుకుంటున్న అమ్మాయికి ఇది మరీ ఇబ్బంది. ఆ ఆచారం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఈరోజు ఆ ఇంట్లో బతకాల్సిన మనిషికి ఈ సంగతి ముందే చెప్పి తీరాలి. చెప్పకుండా పెడితే రెండో నెలలో భయపడి వస్తుంది, ఆ వీధిలో ఇంకెవరూ పెట్టించుకోరు.

అసలు రాకపోతే ఇంకో భయం. "చెడు రక్తం లోపల పేరుకుపోతుంది, ఒళ్లు ఉబ్బుతుంది" అంటారు. పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. మామూలుగా అయితే ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర మందంగా పెరుగుతుంది. గర్భం నిలవకపోతే అదే రాలి నెలసరిగా బయటికొస్తుంది. ఇంప్లాంట్ ఉన్నప్పుడు ఆ పొర పలచగానే ఉండిపోతుంది. పెరగని పొర రాలదు కదా. పైగా మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. ముందు చెప్పిన 2019-21 సర్వేలోనే ఆంధ్రలో 58.8, తెలంగాణలో 57.6 శాతం. అలాంటివాళ్లకు నెలనెలా పోయే రక్తం తగ్గడం మేలే.

మొటిమలు, తలనొప్పి, రొమ్ముల్లో సలుపు, మనసు దిగులుగా ఉండటం కొందరిలో కనిపిస్తాయి. బరువు పెరిగామని చెప్పేవాళ్లూ ఉన్నారు, అందులో ఇంప్లాంట్ వంతు ఎంతో తేల్చడం కష్టం. మూడు నాలుగు నెలలు చూసి, సర్దుకోకపోతే తీయించుకోవచ్చు. "ఇంత ఖరీదైనది పెట్టాం, మూడేళ్లు ఉంచుకోవాల్సిందే" అని ఎవరైనా అంటే, ఆ మాటకు తలవంచాల్సిన పని లేదు.

ఇప్పుడు ఈస్ట్రోజెన్ సంగతికి వస్తాను. మాలా-ఎన్, మాలా-డి లాంటి మాత్రల్లో రెండు రకాల హార్మోన్లుంటాయి, ఒకటి ఈస్ట్రోజెన్. అందువల్ల బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వచ్చేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, ముప్ఫై అయిదు దాటి పొగతాగేవాళ్లు అవి వాడకూడదు. పాలిచ్చే తల్లులు మొదటి ఆరు నెలలు వాటి జోలికి పోకూడదు. ఇంప్లాంట్‌తో వీళ్లలో చాలామందికి అడ్డు లేదు. ప్రసవం అయ్యాక ఇంటికి వెళ్లే ముందే పెట్టించుకోవచ్చు, పాలు తగ్గవు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంప్లాంట్ వద్దు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు ముందు డాక్టరుతో తేల్చుకోవాలి.

ఇంకో హెచ్చరిక చాలామందికి ఎవరూ చెప్పరు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, కొన్ని హెచ్ఐవీ మందులు కాలేయాన్ని ఉసిగొల్పి ఇంప్లాంట్ హార్మోన్‌ను ముందే కరిగించేస్తాయి. చేతిలో కడ్డీ ఉన్నా గర్భం రావచ్చు. టీబీ మన చుట్టూ ఎంత ఉందో తెలిసిందే. ఆ మందులు వాడేవాళ్లకు కాపర్ టీ నయం. సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి కాపాడేది మాత్రం కండోమ్ ఒక్కటే, ఇంప్లాంట్‌కు ఆ శక్తి లేదు.

ఆపే అధికారం ఎవరిది

పద్ధతుల్ని పోల్చేటప్పుడు అందరూ "ఎంత బాగా పనిచేస్తుంది" అని అడుగుతారు. నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. వద్దనుకున్న రోజు దీన్ని ఎవరు ఆపగలరు?

మాత్రల విషయంలో మీరే. ఈ రాత్రి మానేస్తే అయిపోయింది. ఛాయ మాత్ర కూడా అంతే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో పుట్టిన మందు అది, హార్మోన్ కాదు. 1991లో సహేలీ పేరుతో బజారులోకి వచ్చింది, 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఛాయగా ఇస్తున్నారు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. వారం పేరు గుర్తుంటే చాలు. కండోమ్ మగవాడి చేతిలో ఉంటుంది. అతను ఒప్పుకోవాలి, ప్రతిసారీ ఒప్పుకోవాలి. తాగి వచ్చిన రాత్రి కూడా ఒప్పుకోవాలి.

మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌ను ఎవరూ ఆపలేరు. ఒంట్లోకి పోయిన మందును వెనక్కి లాగలేం, మూడు నెలలు పోనివ్వాలి. మానేశాక కూడా గర్భం నిలవడానికి చివరి సూది నుంచి సగటున ఏడు నుంచి పది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లకు అందుకే అంతర సరిపోదు. అయితే దాని మంచి దానికుంది. ఇంట్లో మాత్రల అట్ట దొరకదు, చేతికి తడిమితే ఏమీ తగలదు, భర్త చేత తన్నులు తినకుండా ఎడం పాటించాలనుకునే ఆడవాళ్లకు అది ఆసరా.

కాపర్ టీ తీయడం సులువు. కింద వేలాడే దారాల్ని పట్టి శిక్షణ పొందిన నర్సమ్మ కూడా లాగేయగలదు. 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు. హార్మోన్ ఏమీ లేదు, రాగి వీర్యకణాల్ని పనికిరాకుండా చేస్తుంది. కాపురం జరిగిన ఐదు రోజుల్లోగా పెడితే అత్యవసర పద్ధతిగానూ పనిచేస్తుంది, ఆ పనిలో దానంత నమ్మకమైన మాత్ర లేదు. ప్రసవమైన 48 గంటల్లోపు పెట్టొచ్చు, సిజేరియన్ చేస్తూ చేస్తూనే పెట్టొచ్చు. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే అయినప్పుడు, "సిజేరియన్‌తో పాటే ఆపరేషన్" అనే డాక్టరమ్మ "సిజేరియన్‌తో పాటే కాపర్ టీ" అని కూడా అడగొచ్చు కదా. అలా పెట్టింది జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ, ఆరు వారాలకు చూపించుకోవాలి. నెలసరి ఎక్కువ కావడం, నడుము నొప్పి దీని లోపాలు. రక్తం బాగా తక్కువున్నవాళ్లకు అదే ఆకారంలో లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ నింపిన సాధనం మేలు, నెలసరిని బాగా తగ్గిస్తుంది. ప్రైవేటులో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ.

ఇక ఇంప్లాంట్. తీసేస్తే వారం తిరిగేసరికి రక్తంలో హార్మోన్ దాదాపు కనిపించదు, కొద్ది వారాల్లో అండం మళ్లీ విడుదలవుతుంది. అంతరకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. కానీ తీయాలంటే తిమ్మిరి మందు, రెండు మూడు మిల్లీమీటర్ల గాటు, అలవాటున్న చెయ్యి కావాలి. చర్మం కిందే ఉంటే కొద్ది నిమిషాల పని. ఎవరి కడ్డీ వాళ్లు తీసుకోలేరు. ఆపే అధికారం మీదే అయినా, ఆపే చెయ్యి మాత్రం ఆసుపత్రిది.

దీని మీద నేను ఇంత పట్టుబట్టడానికి వెనక ఒక చరిత్ర ఉంది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ కాపర్ టీని "లూప్" అంటారు. 1965లో ప్రభుత్వం గర్భసంచిలో పెట్టే లిప్పిస్ లూప్‌ను దేశమంతా పెద్ద ఎత్తున పెట్టించింది. లక్ష్యాలు పెట్టుకుని, శిబిరాల్లో పెట్టి పంపేశారు. రక్తం పోతోందని వచ్చినవాళ్లను చూసే దిక్కు లేదు. రెండు మూడేళ్లలో దాని పేరు చెడిపోయింది. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు "లూప్ గుండెకు పోతుంది" అనేవాళ్లు. గుండెకు పోవడానికి దారే లేదు. కానీ ఆ మాట ఊరికే పుట్టలేదు, బాధ చెప్పుకుంటే వినేవాళ్లు లేకపోవడంలోంచి పుట్టింది.

తర్వాత 1985లో, హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో. రెండు నెలలకోసారి వేసే నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రయోగిస్తున్నారు. వచ్చిన ఆడవాళ్లకు అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని తెలియదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులు వెళ్లి ఆ సంగతి చెబితే చాలామంది వద్దని వెళ్లిపోయారు. 1986లో ఆ సంఘం, ఢిల్లీలోని సహేలీ సంఘం, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. మన దేశంలో ఇంజెక్షన్లూ ఇంప్లాంట్లూ ఇంతకాలం ప్రభుత్వ ఆసుపత్రుల గడప తొక్కకపోవడానికి ఉన్న కారణాల్లో ఆ పోరాటం ఒకటి. అడ్డుపడి ఆడవాళ్లకు నష్టం చేశారని ఇప్పుడు కొందరంటారు. నేనలా అనుకోను. వాళ్లు అడిగినది మందు గురించే కాదు, చెప్పకుండా ఇవ్వడం గురించి.

మొదటి తరం ఇంప్లాంట్ నార్‌ప్లాంట్‌ది కూడా ఇలాంటి కథే. న్యూయార్క్‌లోని పాపులేషన్ కౌన్సిల్ అనే పరిశోధనా సంస్థ‌లో షెల్డన్ సెగల్, చిలీకి చెందిన హొరాసియో క్రొషాటో తదితరులు దాన్ని తయారుచేశారు. 1983లో ఫిన్లాండ్, 1990 డిసెంబరులో అమెరికా అనుమతించాయి. అందులో ఒకటి కాదు, ఆరు సిలికాన్ గొట్టాలు. పెట్టడం సులువు, తీయడం నరకం. చుట్టూ కండ పట్టేస్తే ఒక్కొక్కటీ వెతికి లాగాల్సి వచ్చేది. ఇండొనేషియాలో లక్షలమందికి పెట్టారు, ఐదేళ్లయ్యాక తీయడానికి చెయ్యి తిరిగినవాళ్లు చాలలేదు. అమెరికాలో అనుమతి వచ్చి నెల తిరగకముందే, కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి శిక్షలో భాగంగా ఒక ఆమెకు దాన్ని పెట్టించుకోమని ఆదేశించాడు. పేదలకు, నల్లజాతి ఆడవాళ్లకు డబ్బిచ్చి పెట్టించాలని పత్రికల్లో రాశారు. వేలమంది కోర్టుకెళ్లారు. 2002లో అక్కడి బజారు నుంచి దాన్ని తీసేశారు. మందు పనిచేయక కాదు. మొదటి ఏడాదిలో వెయ్యిమందికి ఒకరికి కూడా సరిగ్గా గర్భం రానివ్వనంత బాగా పనిచేసింది.

ఆ చరిత్ర నుంచి నేర్చుకునే ఆరింటిని ఒకటి చేశారు, ఎక్స్‌రేలో కనిపించేలా చేశారు, లోతుగా దిగకుండా సాధనాన్ని మార్చారు. సాధనం మారింది. ఆసుపత్రి మారిందా అన్నది ఊరూరా అడగాల్సిన ప్రశ్న.

మన దగ్గర ఎక్కడ

2023లో కేంద్రం కొన్ని రాష్ట్రాల్లో, ఎంపిక చేసిన జిల్లాల్లో ఇంప్లాంట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. శిక్షణ పొందిన డాక్టర్లే పెట్టాలి, తీయాలి. మన జిల్లాల్లో ఇప్పుడు దొరుకుతుందో లేదో ఆశా కార్యకర్తనో, జిల్లా ఆసుపత్రి కుటుంబ నియంత్రణ విభాగాన్నో అడగండి. పెద్ద నగరాల్లో ప్రైవేటు గైనకాలజిస్టులు కొందరు పెడుతున్నారు. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లిన మన పిల్లలకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో ఇది ఉచితం, పెళ్లయిందా అని ఎవరూ అడగరు. ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి. అక్కడ పెట్టించుకుని ఇక్కడికి వచ్చేస్తే, తీసే చెయ్యి ఇక్కడ ఏ ఊళ్లో ఉందో ముందే తెలుసుకుని రావాలి. కార్డు పారేయకండి. ఏ చేతికి, ఏ రోజు, ఏ రకం అన్నది అందులో ఉంటుంది.

నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు పెడితే ఆ రోజు నుంచే రక్షణ. వేరే రోజుల్లో పెడితే గర్భం లేదని తేల్చుకుని, వారం రోజులు కండోమ్ వాడాలి.

మా చెల్లెలికి ఇదంతా చెప్పాక ఆమె ఇంప్లాంటే కావాలంది. పాలిస్తోంది, భర్త ఊళ్లో ఉండడు, మూడేళ్లు ఎడం కావాలి. వాళ్ల ఊరికి దగ్గర్లో ఎక్కడా దొరకలేదు. అత్తగారితో వారం రోజులు మాట్లాడింది. చివరికి ఆవిడే అంది, "నా రోజుల్లో నన్నెవరూ అడగలేదమ్మా, నీ ఇష్టం" అని. కాన్పు మామూలుగానే అయింది. ఆరు వారాలకు పసిదాన్ని ఎత్తుకుని వెళ్లి కాపర్ టీ పెట్టించుకుంది. బల్ల దిగే ముందు నేను చెప్పిన ప్రశ్న అడిగిందట. తీయించుకోవాలంటే ఎవరి దగ్గరికి రావాలి?

నర్సమ్మ గోడ మీద రాసి ఉన్న వారాలు చూపించింది. "ఇవన్నీ ఓపీ రోజులు. నేను లేకపోతే రెండో గదిలో అడుగు. ఎందుకు అని ఎవరైనా అడిగితే, వద్దనిపించింది అని చెప్పు, చాలు" అందట.